ఎర్ర పిడి ఎవరూ గుంజలేదు

పర్శరాములు టేపు పెట్టి కొలవడు. పడుకుని కొలుస్తాడు. చెక్క మీద వెల్లకిలా పడుకుంటాడు, మడమ ఎక్కడిదాకా వచ్చిందో, భుజం ఎంతమేర ఆనిందో చూసుకుంటాడు, చెవి మీది పెన్సిల్ తీసి రెండు గీతలు గీస్తాడు. మంచం కొలత ఖాయం. ఆర్మూర్‌లో సోఫాల దుకాణంలో పట్టిన అలవాటు, దుబాయ్ వచ్చి పంతొమ్మిదేళ్లయినా వదల్లేదు. షార్జా అవతల సజ్జాలో ఉన్న లేబర్ క్యాంపుల్లో సగం మంచాలు అతని చేతివే. అంటే కొన్ని వేలమంది మగాళ్లు పర్శరాములు ఒంటి కొలత మీద నిద్రపోతున్నారన్న మాట. అతనేమో ఐదడుగుల నాలుగంగుళాలు. పొడుగాటి వాళ్ల కాళ్లు మంచం దాటి వేలాడతాయి. షెడ్డు ఫోర్‌మన్ అమీర్ జాన్ పెషావర్ వైపు మనిషి, ఆరడుగులు. పొద్దున్నే మోకాళ్లు పట్టుకుని లేచి మొట్టమొదట తిట్టేది పర్శరాములునే.

ఇన్ని మంచాలు చేసినవాడికి ఒక్క కోరిక మిగిలింది. చెబితే నవ్వుతారు. చెప్పాడు, నవ్వారు కూడా. రైల్లో పడుకోవాలి. కదిలే రైల్లో, తన పేరున్న బెర్తు మీద, కాళ్లు చాపుకుని ఒక రాత్రంతా. దుబాయ్ వీసా కావాలన్నా, మెడికల్ కావాలన్నా, ఏజెంటు పిలిచినా అప్పట్లో ముంబై పోవలసిందే. పదకొండు సార్లు పోయాడు. పదకొండు సార్లూ జనరల్ పెట్టెలో, లెట్రిన్ తలుపుకి వీపు ఆనించి, మోకాళ్ల మధ్య సంచి ఇరికించుకుని. ఎవడికైనా లోపలికి పోవలసి వస్తే ఇతను లేవాలి, వాడు బయటికొచ్చాక మళ్లీ కూర్చోవాలి. నిజామాబాద్ నుంచి దాదర్ దాకా లేవడం, కూర్చోవడం. ముంబై ప్రయాణం అంటే అతనికి గుర్తున్నది అదే.

2022 చివర్లో ఎనిమిది పాత రైలు పెట్టెలు ఓడ దిగి, ట్రైలర్ల మీద సజ్జా షెడ్డుకి వచ్చాయి. యూరప్‌లో ఏదో దేశం వాడి వాడి వదిలించుకున్నవి. లోపలంతా కొత్తగా చేసి వాటిని ఆఫ్రికా దక్షిణానికి పంపాలి. జోహన్నెస్‌బర్గ్‌లో బయలుదేరి బోట్స్‌వానా, జింబాబ్వే దాటి జాంబియాలో లుసాకా చేరే కొత్త బండి కోసమట, మూడు రాత్రుల ప్రయాణం. బెర్తుల పని పర్శరాములుకి పడింది.

కొన్నవాళ్ల తరఫున పని చూసుకోవడానికి ఫిరి అని ఒక పెద్దాయన వచ్చాడు. లుసాకా మనిషి. అరవై దగ్గర పడ్డాయి, ఆరడుగుల మూడంగుళాలు, ఎంత ఎండలోనూ టై తీయడు. వచ్చిన మూడో రోజు పర్శరాములు చేసిన మొదటి బెర్తు మీద పడుకుని చూశాడు. పిక్కల దగ్గర్నుంచి కాళ్లు నడవాలోకి వేలాడాయి. షెడ్డులో అందరూ తలలు వంచుకుని పనిలో పడ్డారు. అమీర్ జాన్ మొహం మాత్రం వెలిగిపోయింది, ఇన్నాళ్లకి తన మోకాళ్ల పగ తీరబోతోందని. ఫిరి లేచి కూర్చుని, నీ కొలత ఎవరిదని అడిగాడు. పర్శరాములు తన గుండె మీద వేలు పెట్టి చూపించాడు. పెద్దాయన పడీపడీ నవ్వాడు. బూట్లు విప్పి, టైతోనే ఉత్త చెక్క మీద పడుకుని, గీయమన్నాడు. పర్శరాములు ఆయన మడమ దగ్గర గీత గీశాడు. తన ఒంటిది కాని కొలతతో మంచం చేయడం అతనికి అదే మొదలు.

ఆ రోజు నుంచి టీ వేళకి ఫిరి అతని పక్కన కూర్చునేవాడు. సగం ఇంగ్లీషు, సగం చేతులు. షెడ్డుకి ముదీర్, అంటే మేనేజరు, రాధాకృష్ణ, కాకినాడ ఇంజనీరు. ఆయనకి తీరిక ఉంటే మాటలు విప్పి చెప్పేవాడు. ఫిరి వాళ్ల నాన్న రైళ్లలో పక్కలు పరిచేవాడట. సాయంత్రం కాగానే కాన్వాసు చుట్టలు భుజానేసుకుని పెట్టె పెట్టెకీ తిరిగి, దుప్పటీ దిండూ కంబళీ పరిచి పోవడం ఆయన ఉద్యోగం. బులవాయో దాటిన తర్వాత పట్టాలు వంద కిలోమీటర్ల పైన ఒక్క వంపు లేకుండా పోతాయట. హ్వాంగే అడవిలో ఏనుగులు పట్టాల మీద నిలబడితే అవి తప్పుకునేదాకా బండి కదలదు. ఒక్కోసారి ఇంజను చెడి, కరెంటు పోయి, ఊరూ పేరూ లేని పొదల మధ్య ఆరేడు గంటలు ఆగిపోతుంది. ఎక్కణ్నుంచి వస్తారో తెలియదు, ఆడవాళ్లు గంపల్లో ఉడికించిన మొక్కజొన్న కంకులూ వేయించిన గొంగళి పురుగులూ పెట్టుకుని కిటికీల కిందికి వస్తారు. అట్లా ఆగిన పెట్టెలో గాలి ఆడకపోతే జనం చస్తారని, పైకప్పు గాలి కంతల గురించి తనకి అందుకే అంత పట్టింపని ఫిరి చెప్పాడు. పర్శరాములు పురుగులు తినడం దగ్గరే ఆగిపోయి ఆ మాట సగం విన్నాడు.

పెట్టెలు అక్కడికి చేరాక ఆరు నెలలు చిన్నా చితకా రిపేర్లు చూసుకోవడానికి ఇక్కడి నుంచి ఒక మనిషి పోవాలని ఒప్పందంలో ఉంది. ఎవరని రాధాకృష్ణ అడిగితే ఫిరి పర్శరాములు భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వే వెళ్తావులే పర్శరాములూ," అన్నాడు రాధాకృష్ణ. "టెస్టు మాత్రం క్లీన్‌గా అవ్వాలి. చెడ్డపేరు తేవొద్దు."

ఇక అతను మనిషి మనిషిలా లేడు. పెట్టె గోడకి అంటించిన స్టేషన్ల పట్టీ కంఠతా పట్టేశాడు. మాఫికెంగ్, గాబరోన్, ఫ్రాన్సిస్‌టౌన్, ప్లమ్‌ట్రీ, బులవాయో, హ్వాంగే, లివింగ్‌స్టన్, చోమా, లుసాకా. పళ్లు తోముకుంటూ అదే, రొట్టె కాల్చుకుంటూ అదే. తొమ్మిదో నంబరు పై బెర్తుకి ఎవరూ చూడకుండా రెండు పొరల స్పాంజి ఎక్కువ వేశాడు. అది తనది. క్యాంపులో అతని పేరు ఆఫ్రికా పర్శరాములు అయింది. ఏనుగులకు పరుపులు కుట్టబోతున్నావటగా అని ఒకడు, వచ్చేటప్పుడు పురుగుల పచ్చడి తెమ్మని ఇంకొకడు. అతనికి కోపం రాలేదు. గెలిచినవాడికి కోపమెందుకు.

గదిలో అతని మంచానికి పై మంచం లింబాద్రిది. షెడ్డు ఊడ్చే మనిషి, యాభై ఆరేళ్లు, సుగర్. ఇద్దరిదీ మోర్తాడ్ పక్క. 2020లో కరోనాకి క్యాంపు గేటు తాళం వేసినప్పుడు పర్శరాములుకి జ్వరం తగిలితే, గదిలో మిగతావాళ్లంతా పరుపులు చుట్టుకుని వరండాలోకి పోయారు. లింబాద్రి ఒక్కడే ఉన్నాడు. ఎట్లాగూ సుగర్‌తో పోయేవాణ్నే, దేంతో పోతే ఏమని పదిహేను రోజులు గంజి కాచి తాగించాడు. దాని గురించి తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు కూడా. అతని మాటలన్నీ పిట్టకథలూ వెక్కిరింతలూ.

2023 ఆగస్టులో పరీక్ష పెట్టారు. ఒక పెట్టెని షెడ్డు బయట ఎండలో నిలబెట్టి, ఇరవైనలుగురు మనుషుల్ని ఎక్కించి, తలుపులు మూసి, మూడు రోజులు నిజం ప్రయాణంలాగే ఉంచాలి. ఏసీ, నీళ్లు, లెట్రిన్లు అన్నీ తేలిపోతాయి. ప్రయాణికుల్ని బయటి నుంచి ఎక్కడ తెస్తారు, కంపెనీ తన లేబర్‌నే ఎక్కించింది. లోపల పెద్దగా పర్శరాములుని పెట్టి, మనుషుల్ని కూడా అతన్నే ఏరమన్నారు. రోగాలున్నవాళ్లు వద్దని రాధాకృష్ణ గట్టిగా చెప్పాడు.

క్యాంపులో ఇంత రద్దీ ఏ పనికీ లేదు. మూడు రోజులు ఏసీలో పడుకోవడమే డ్యూటీ. లింబాద్రి వచ్చి పర్శరాములు మంచం చివర కూర్చున్నాడు.

"నన్ను గూడ ఎక్కియ్యి తమ్మీ. మూడొద్దులు చీపురు ముట్టకుంట పండుకుంట."

"నీకు సుగరున్నది గదనే."

"సుగర్ ఏమన్న టికెట్ అడుగుతదా? రాయకు, అంతే."

పర్శరాములు పేరు రాశాడు, సుగర్ రాయలేదు.

ఎక్కే ముందు అందర్నీ వరసలో నిలబెట్టారు. నడవా మధ్యలో ఉన్న ఎర్ర పిడిని ఫిరి చూపించాడు. లాగితే గంట మోగుతుంది, తలుపులు తెరుచుకుంటాయి, బయట బల్బు వెలుగుతుంది. ఆయన చెప్పింది రాధాకృష్ణ తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాడు. "లోపల మీరు ప్రయాణికులు. తినండి, పడుకోండి, పేకాడుకోండి. ఇబ్బందైతే ఈ ఎర్ర పిడి లాగండి. అంతే."

ఆ అంతే అన్న మాటకే వాళ్లకి అనుమానం పట్టుకుంది. ఇబ్బందైతే చెప్పండి అని పైవాళ్లు నవ్వుతూ అడగడం వాళ్లకి తెలియనిది కాదు. వెనక ఒక సైటులో తెల్ల హెల్మెట్ పెట్టుకున్న ఆఫీసరు ఇలాగే అడిగితే, తాగే నీళ్లు ఉప్పగా ఉన్నాయని కరీంనగర్ మనిషి ఒకడు నిజం చెప్పాడు. వారం తిరక్కుండా వాడి వీసా క్యాన్సల్. ఇంకో క్యాంపులో గదికి పదిమంది ఎక్కువ కాదా అని అడిగితే, ఎక్కువేనని తలూపినవాడు మళ్లీ ఆ గదిలో కనపడలేదు. ఇలాంటి కథ ప్రతివాడి దగ్గరా ఒకటుంది. గల్ఫ్‌లో పర్శరాములు చదువుకున్న చదువు ఒక్కటే. అడిగినప్పుడు బాగుంది అనాలి.

"యల్లా, సబ్ అందర్," అని అమీర్ జాన్ తలుపులు మూశాడు. సీలు పడిన చప్పుడు వినిపించాక పర్శరాములు నడవాలో నిలబడి చెప్పాడు.

"ఇనుండ్రి. పరీక్ష పెట్టెకు గాదు, మనకు. ఎంత ఓరుస్తరో సూస్తున్నరు. పిడి ముట్టినోడు క్యాన్సల్. వానితోని నేను గూడ పోత."

అందరికీ అదే తోచింది.

మొదటి రోజు పండగలా గడిచింది. ఏసీ చల్లగా ఉంది, బిర్యానీ పొట్లాలు ముందే పెట్టారు. తిన్నాక ఎవడో రైలాట మొదలుపెట్టాడు. వేములవాడ మనిషి ఒకడు టీసీ అయ్యాడు, అట్టముక్క పట్టుకుని ప్రతి బెర్తు దగ్గరా టికెట్ అడిగాడు. లింబాద్రి ఫ్లాస్కు భుజాన వేసుకుని చాయ్ గరం అని అరుస్తూ తిరిగాడు. బాసర, ధర్మాబాద్, నాందేడ్, పూర్ణ, మన్మాడ్ అని తన స్టేషన్లు పిలిచాడు. పై బెర్తు మీది నుంచి పర్శరాములు గాబరోన్, బులవాయో అని తన స్టేషన్లు పిలిచాడు. టికెట్ లేనివాణ్ని పట్టుకుని లెట్రిన్ పక్కన కూర్చోబెట్టాలని టీసీ తీర్మానించాడు. ఎవరిని పట్టుకోవాలి? ఊడ్చేవాడు దొరికాడు. లింబాద్రి చేతులు జోడించి ఏడుపు నటిస్తూ పోయి లెట్రిన్ తలుపు దగ్గర గొంతుక్కూర్చుంటే పెట్టె పెట్టెంతా నవ్వింది.

సాయంత్రం అతను లేచొచ్చి తొమ్మిదో బెర్తు కింద పడుకుని, పై చెక్కని పాదాలతో ఆగి ఆగి తన్నడం మొదలుపెట్టాడు. టకటక్, టకటక్. పర్శరాములు ఒళ్లు ఊగింది.

"పండుకో తమ్మీ, నేను బండి నడుపుత," అన్నాడు కింద నుంచి.

పర్శరాములు కళ్లు మూసుకున్నాడు. మన్మాడో, బులవాయోనో, ఏదో దాటినట్టే ఉంది.

రెండో రోజు పన్నెండూ నలభైకి కరెంటు పోయింది. ఏసీ చప్పుడు ఆగింది, లైట్లు ఆరాయి. బయట సరిగ్గా నడినెత్తి ఎండ. ఇక్కడి వేసవి నెలల్లో మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో చట్టం ఉంది. వీళ్లు పని చేయడం లేదు కదా, పడుకుని ఉన్నారు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. వస్తది, అనుకున్నారు. పావుగంటకి చొక్కాలు విప్పారు. కిటికీలకి రెండు పొరల అద్దం, తెరవడానికి లేదు. పైకప్పు కంతల నుంచి గాలి రావాలి, రాలేదు. ఎందుకు రాలేదో చూడాలని ఎవరికీ తోచలేదు. అరగంటకి పేకలు తడిసి అంటుకుపోయాయి.

ఒంటి గంటప్పుడు ఫిరి బయట కిటికీ దగ్గరికి వచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. బొటనవేలు పైకెత్తి, కనుబొమలు ఎగరేశాడు. బాగున్నారా అని. పర్శరాములు బెర్తు దిగి కిటికీ దగ్గరికి పోయి, నవ్వి, బొటనవేలు ఎత్తాడు. వెనక ఉన్నవాళ్లను కూడా ఎత్తమని కళ్లతో చెప్పాడు. పడుకున్నచోటు నుంచే ఒక్కొక్క వేలూ లేచింది. ఫిరి ఆశ్చర్యంగా తలూపి వెళ్లిపోయాడు. ఆయన్ని రాధాకృష్ణ కారెక్కించుకుని భోజనానికి తీసుకుపోవడం కిటికీలోంచి కనపడింది. నీడలో కుర్చీ వేసుకుని అమీర్ జాన్ ఎర్ర బల్బు వైపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఒకడికి వాంతి అయింది. ఇంకొకడు లెట్రిన్ కుళాయి కింద తల పెడితే నీళ్లు కాలుతున్నాయి. లింబాద్రి మాటలు ఎప్పుడో ఆగిపోయాయి. చెమట కూడా ఆగిపోయింది, ఒళ్లు ఎర్రగా పొడిగా ఉంది. లేచి తూలుతూ నడవాలోకి వచ్చాడు.

"తమ్మీ, గుంజు. పానం పోతున్నది."

"ఓర్సుకోయే. అయిపోవచ్చింది."

"నాతోని గాదు. గుంజురా."

"గుంజితె ఏమైతదో ఎరుకనా నీకు? నిన్ను ఎట్ల ఎక్కిచ్చిన్నో ఎరుకనా? ఇద్దరం ఇంటికే."

లింబాద్రి వినలేదు. చెయ్యి చాపి పిడి అందుకున్నాడు. వేళ్లు దాని చుట్టూ పడ్డాయి. పర్శరాములు ఆ మణికట్టు పట్టుకుని ఒక్కొక్క వేలే విడదీశాడు. ముసలి చెయ్యి, పెద్ద బలమేమీ అక్కర్లేకపోయింది. మళ్లీ చాపాడు. మళ్లీ విడదీశాడు. మూడోసారి వేములవాడ టీసీ లేచొచ్చి ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. ఈ ముసలోడు అందర్నీ ఇంటికి పంపేట్టున్నాడని బెర్తుల మీది నుంచి తిట్లు లేచాయి. ఎవడో నవ్వడానికి కూడా ప్రయత్నించాడు, టికెట్ లేనోడికి పిడి ఎందుకని. ఇద్దరూ కలిసి అతన్ని నడవా చివరికి ఈడ్చుకుపోయి లెట్రిన్ తలుపుకి ఆనించి కూర్చోబెట్టారు. లేవకుండా పర్శరాములు కాసేపు భుజాలు నొక్కి పట్టుకున్నాడు. లింబాద్రి అతని మొహంలోకి చూశాడు. ఏదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. భుజాలు వదులైనాక పర్శరాములు తన బెర్తుకి పోయి పడుకుని, కళ్లు మూసుకుని స్టేషన్లు లెక్కపెట్టుకున్నాడు.

రెండున్నరకి లైట్లు వెలిగాయి. ఏసీ గుర్రుమని లేచింది. ఇరవైమూడు మంది ఈలలు వేసి, ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. గెలిచామని. పావుగంట దాకా ఎవరూ లెట్రిన్ వైపు పోలేదు. పోయినవాడికి తలుపు తెరవబోతే అడ్డంగా లింబాద్రి తగిలాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. ఫ్లాస్కు పక్కన దొర్లి ఉంది.

అప్పుడు పిడి లాగారు. అది బాగానే పనిచేసింది.

లింబాద్రి చావలేదు. ఎండదెబ్బకి మెదడు పాడైందని డాక్టర్లు చెప్పారు. మాట పోయింది, కుడి పక్క కొంచెం పనిచేస్తోంది. సుగర్ పేషెంటు ఆ సంగతి దాచి ఎక్కాడని, కరెంటు వచ్చాక కళ్లు తిరిగి పడ్డాడని కంపెనీ కాయితాల్లో రాసుకుంది. నెలలోపల చక్రాల కుర్చీలో విమానం ఎక్కించారు. పర్శరాములు ఎయిర్‌పోర్టు దాకా పోలేదు. ఆ రోజు ఓవర్‌టైం ఉంది.

పరీక్ష అయిన మూడో రోజే రాధాకృష్ణ అతన్ని ఆఫీసుకి పిలిచి కూర్చోమన్నాడు. అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి.

"ఫిరి గారు తెగ మెచ్చుకున్నారయ్యా. కరెంటు ఆయనే తీయించాడు తెలుసా, అది కూడా టెస్టులో భాగమే. అడవిలో బండి ఆగిపోతే జనం ఎంతసేపు తట్టుకుంటారో చూడాలని. ఇరవై నిమిషాల్లో లాగేస్తారని రాసుకున్నాడాయన. మీరు గంటా యాభై నిమిషాలు హాయిగా కూర్చున్నారు. గాలి ఇంత బాగా ఆడే పెట్టె ఎక్కడా చూళ్లేదన్నాడు."

పర్శరాములు కుర్చీ అంచుకి జరిగాడు. "గుంజాల్నా సార్?"

"ఏంటి?"

"పిడి. గుంజాల్నా?"

"ఇబ్బందైతే లాగమన్నాను కదయ్యా. దానికేగా పెట్టింది." రాధాకృష్ణ ఒక కాయితం ముందుకు తోశాడు. ప్రయాణికులకి ఏ ఇబ్బందీ కలగలేదని, లోపల పెద్దగా ఉన్న మనిషి ధ్రువీకరణ. పర్శరాములు సంతకం పెట్టాడు. ఆఫ్రికా ఎప్పుడు సార్, అని ఆ తర్వాతే అడిగాడు. రాధాకృష్ణ చూద్దాంలే అన్నాడు.

అక్టోబర్లో చూశారు. ఫిరి తుది రిపోర్టు రాశాడు. ఎనిమిది పెట్టెల్లోనూ ఒక్క లోపం లేదు. లోపాలు మిగిలితే వాటిని చూడ్డానికే మనిషి. లోపమే లేనప్పుడు మనిషెందుకని పెట్టెలు కొన్నవాళ్లు ఆ షరతు కొట్టేశారు, కంపెనీ సంతోషంగా ఒప్పుకుంది. "లిస్టులో ఒక్క పాయింటు మిగిలున్నా పంపేవాణ్ని పర్శరాములూ," అన్నాడు రాధాకృష్ణ, నిజంగానే బాధపడుతూ. ఫిరి వెళ్లిపోయే ముందు షెడ్డుకి వచ్చి అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఎప్పుడైనా లుసాకా వస్తే తొమ్మిదో బెర్తు నీదే, టికెట్ అడగనన్నాడు.

పెట్టెల్ని టార్పాలిన్‌తో కప్పి కట్టే పని మీద పర్శరాములు పరీక్ష పెట్టిన పెట్టె పైకప్పు ఎక్కాడు. గాలి కంతల మీద చెయ్యి పడింది. నున్నగా జారింది. రంగు వేసేటప్పుడు పెయింటర్లు అంటించిన ప్లాస్టిక్ పొర, పారదర్శకంగా, ఒక్క బుడగ లేకుండా. ఇరవై రెండు కంతల మీదా అలాగే ఉంది. తీయడం మరిచిపోయారు. ఆ మధ్యాహ్నం పెట్టెలోకి చారెడు గాలి కూడా పోలేదు.

అతనికి మొదట వచ్చినది సంతోషం. అది లింబాద్రి మీద జాలి కంటే ముందొచ్చింది, దానికి ఏం చేయలేం. లోపం దొరికింది. ఒక్క పాయింటు. నిచ్చెన మెట్లు రెండేసి దిగి, ఆఫీసుకి పరుగు పెట్టాడు.

రాధాకృష్ణ అంతా విన్నాడు. లేచి తలుపు వేసి వచ్చాడు. సొరుగులోంచి కాయితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే సార్."

"ఏ ఇబ్బందీ కలగలేదని రాసిచ్చావ్. ఇప్పుడు గాలే ఆడలేదంటున్నావ్. మరి పిడి ఎందుకు లాగలేదని అడుగుతారు. ఆ ముసలాయన్ని ఎవరు ఎక్కించారనీ, ఎవరు పట్టుకుని కూర్చోబెట్టారనీ కూడా అడుగుతారు. ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా?" ఆయన గొంతు పెంచలేదు. "వెళ్లి ఆ కవర్లు పీకెయ్. మిగతా పెట్టెలు కూడా చూడు. సాయంత్రంలోగా అయిపోవాలి."

ఆ ఒక్క పెట్టె మీదే ఉన్నాయి. ఇరవై రెండు పొరలూ గోటితో అంచు లేపి ఒక్కొక్కటే ఒలిచాడు. ఎండకి అంటుకుపోయి, కొన్ని ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ముక్క కూడా మిగలకుండా గోకాడు. కింద నుంచి అమీర్ జాన్, ట్రైలర్ వచ్చింది, ఖలాస్ కరో అని అరిచాడు. పర్శరాములు ఆ ప్లాస్టిక్‌నంతా ఉండచుట్టి చొక్కా లోపల దోపుకుని దిగాడు. ఇప్పుడు పెట్టెలో నిజంగానే ఒక్క లోపమూ లేదు.

మర్నాడు ఎనిమిది ట్రైలర్లు వరసగా గేటు దాటి పోర్టు దారి పట్టాయి. సిమెంటు లారీల దుమ్ములో కాసేపు కనపడ్డాయి, తర్వాత కనపడలేదు. షెడ్డులో పాత పని మొదలైంది. కల్బాలో కొత్త క్యాంపు కడుతున్నారు, నాలుగు వందల మంచాలు కావాలి. అమీర్ జాన్ ఈసారి కొలత తనదే తీసుకోమన్నాడు. చెక్క ఎక్కువ పడుతుందని ఆఫీసు ఒప్పుకోలేదు. పాత కొలతే ఉంచమంది. గదిలో లింబాద్రి పై మంచంలోకి నేపాలీ ఒకడు దిగాడు, గాఢనిద్ర మనిషి, కదలడు.

గౌరవ్వ ఫోను ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. లింబాద్రి భార్య. పర్శరాములు చెక్క మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, చెవి మీద పెన్సిల్ ఉంది. ఆ నంబరు చూసి మూడుసార్లు మోగనిచ్చాడు, నాలుగోసారి ఎత్తాడు. మంచాన పడ్డ మనిషికి తినిపించడం, కడగడం, అన్నీ చెప్పుకుంది. మందులేవో దొరకడం లేదని చెప్పింది. చివరికి అడిగింది.

"తమ్మీ, నువ్వు పక్కనే ఉంటివి గద. ఒక్క మాట అడుగుత. కుడిచెయ్యి ఊకుంట లేదు. మొగులు దిక్కు, మీదికి చాపి ఏందో గుంజుతడు. పొద్దుమాపు గదే. పట్టుకుంటె ఏడుస్తడు. రైల్ల ఏం చేస్తుండె ఆయన?"

పర్శరాములు పైకప్పు రేకుల వైపు చూశాడు.

"రైలాట ఆడినం వదినా," అన్నాడు. "గంట కొట్టుడు ఆయన పని."

"అట్లనా." అవతల ఆమె ఊపిరి తేలికపడింది. "మంచిగ ఆడిండా?"

మంచిగా ఆడాడని, అందర్నీ నవ్వించాడని చెప్పాడు. చెయ్యి పట్టుకోవద్దు వదినా, గుంజుకోనియ్యి అన్నాడు. ఫోను పెట్టేసి, చెవి మీది పెన్సిల్ తీసి, తన మడమ దగ్గర గీత గీశాడు.